అమెరికా నుంచి కెనడాకు కారులో: కిలోమీటర్ల స్పీడ్ లిమిట్లతో ఇబ్బంది లేకుండా నడపడం ఎలా?

బఫెలో మీదుగా నయాగరాకు, డెట్రాయిట్ నుంచి టొరంటోలోని చుట్టాలింటికి, లాంగ్ వీకెండ్ వస్తే సియాటిల్ నుంచి వాంకూవర్‌కు... అమెరికాలో ఉంటున్న మనవాళ్ళు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు కారులో కెనడా సరిహద్దు దాటుతారు. బయల్దేరే ముందు పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, పిల్లల సామాను, దారిలో తినడానికి పులిహోర అన్నీ చూసుకుంటారు. స్పీడోమీటర్ సంగతి మాత్రం వంతెన దిగి మొదటి బోర్డు కనబడేదాకా గుర్తుకు రాదు. అప్పటికి కారు కదులుతూ ఉంటుంది, వెనకాల ట్రక్కు ఉంటుంది, పక్కన జీపీఎస్ మాట్లాడుతూ ఉంటుంది. లెక్కలు వేసే సమయం అది కాదు. ఆ లెక్కేదో ముందే తేల్చేసుకోవాలి.

కెనడా 1977 సెప్టెంబరులో తన రోడ్ల మీది స్పీడ్ బోర్డులన్నీ కిలోమీటర్లకు మార్చేసింది. అమెరికా మైళ్ళలోనే ఉండిపోయింది. అమెరికాలో తెల్ల పలక మీద "స్పీడ్ లిమిట్" అని రాసి కింద అంకె వేస్తారు. కెనడాలో అదే తెల్ల పలక, అదే నల్ల అంకె, పైన మాత్రం "మాగ్జిమమ్" అని ఉంటుంది. చాలా చోట్ల అడుగున చిన్నగా కిలోమీటర్ల గుర్తు కూడా ఉంటుంది. రంగు, ఆకారం ఒకటే కావడంతో కంటికి కొత్తగా ఏమీ అనిపించదు.

ప్రమాదం పెద్ద అంకెల్లో లేదు

చాలామంది భయపడేది హైవే మీది 100 బోర్డు చూసి. నిజానికి అది ఎవరినీ మోసం చేయదు. అమెరికాలో 100 అన్న లిమిట్ ఎక్కడా ఉండదు కాబట్టి, చూడగానే "ఇది కిలోమీటర్లలో కదా" అని మనసు సర్దుకుంటుంది. మోసం చేసేవి 40, 50, 60, 70. ఇవి రెండు దేశాల్లోనూ ఉన్న అంకెలే. రోజూ చూసే బోర్డులే. ఊళ్ళో రోడ్డు మీద 50 కనబడితే కాలు అలవాటు కొద్దీ ముల్లును 50 దాకా తీసుకెళ్తుంది. ఆ ముల్లు చూపించేది మైళ్ళయితే మీరు వెళ్తున్నది గంటకు 80 కిలోమీటర్ల వేగంతో. అందుకే ఈ వ్యాసంలో హైవే గురించి తక్కువ, ర్యాంపుల గురించి, ఊళ్ళ గురించి ఎక్కువ రాస్తున్నాను.

కెనడా బోర్డు మీది అంకెకు మీ మైళ్ళ ముల్లు ఎక్కడ ఉండాలో ఇదీ లెక్క:

30 అంటే 19 మైళ్ళు
40 అంటే 25
50 అంటే 31
60 అంటే 37
70 అంటే 43
80 అంటే 50
90 అంటే 56
100 అంటే 62
110 అంటే 68
120 అంటే 75

ఇవన్నీ కంఠస్థం పెట్టనక్కర్లేదు. ఆరో ఎక్కం వస్తే చాలు. బోర్డు మీది అంకెలో చివరి సున్నా తీసేసి ఆరుతో గుణించండి. 50 అయితే ఆరైదుల ముప్ఫై. 80 అయితే ఆరెనిమిదుల నలభై ఎనిమిది. 110 అయితే అరవై ఆరు. అసలు లెక్క కంటే ఇది ఎప్పుడూ ఒకటి నుంచి మూడు మైళ్ళు తక్కువే చూపిస్తుంది. అంటే తప్పు పోయినా లిమిట్ లోపలే ఉంటారు. సగానికి కాస్త ఎక్కువ అని ఉజ్జాయింపుగా వేసుకునే వాళ్ళున్నారు. ఆ "కాస్త" దగ్గరే పొరపాటు జరుగుతుంది. ఆరో ఎక్కమే మేలు.

పొరపాటు ఖరీదు ఎంత?

నయాగరా, టొరంటో, విండ్సర్ ఉన్న ఒంటారియో రాష్ట్రం సంగతే చూద్దాం. అక్కడ లిమిట్ 80 కంటే తక్కువ ఉన్న రోడ్డు మీద 40 కిలోమీటర్లు గానీ, 80 ఆ పైన ఉన్న రోడ్డు మీద 50 కిలోమీటర్లు గానీ మించి వెళ్తే అది మామూలు స్పీడింగ్ కాదు, "స్టంట్ డ్రైవింగ్" నేరం. అక్కడికక్కడే లైసెన్సు 30 రోజులు సస్పెండ్ అవుతుంది, కారును 14 రోజులు పట్టుకెళ్ళిపోతారు. కోర్టులో రుజువైతే ఫైన్ 2,000 డాలర్ల నుంచి 10,000 డాలర్ల దాకా ఉంటుంది. కారు మీది కాకపోయినా, రెంటల్ అయినా, స్నేహితుడిదైనా పట్టుకెళ్ళడం మాత్రం తప్పదు.

ఇప్పుడు కిలోమీటర్ల బోర్డును మైళ్ళుగా చదివితే ఏమవుతుందో చూడండి. 40ని మైళ్ళనుకుంటే 64 కిలోమీటర్ల వేగం, అంటే 24 ఎక్కువ. 60ని అలా చదివితే 97, అంటే 37 ఎక్కువ. 70ని చదివితే 113, అంటే 43 ఎక్కువ. స్టంట్ డ్రైవింగ్ గీత దాటేశారు! ఏ రేసూ పెట్టుకోలేదు, ఎవరినీ కట్ చేయలేదు, ముల్లు సరిగ్గా బోర్డు మీది అంకె దగ్గరే ఉంచారు. అయినా కారు పోయింది. 80 దగ్గర 49 ఎక్కువతో గీత అంచున ఉంటారు. 90 దగ్గర మళ్ళీ దాటేస్తారు. స్పీడింగ్ విషయంలో కావాలని చేశారా, తెలియక చేశారా అని చట్టం చూడదు. "మైళ్ళనుకున్నాను సార్" అన్న మాట పోలీసు ఓపిగ్గా వినొచ్చు గానీ, దానితో కేసు పోదు.

పిల్లాపాపలతో, పెద్దవాళ్ళతో వెళ్ళిన చోట కారు లేకుండా, లైసెన్సు లేకుండా నిలబడటం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పైగా సోమవారం ఆఫీసులో ఉండాలి.

ముందురోజు, ఇంటి దగ్గర

కారును పార్కింగులో ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి డాష్‌బోర్డు చూడండి. మీది రెండు రకాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది.

మొదటిది ముల్లు ఉన్న స్పీడోమీటర్. అమెరికా కార్లలో బయటి వరుసలో మైళ్ళు పెద్దగా, లోపలి వరుసలో కిలోమీటర్లు చిన్నగా ఉంటాయి. ఆ లోపలి అంకెలు మీ కంటికి ఆనుతున్నాయో లేదో చూసుకోండి. పగలు బాగానే ఉంటాయి, రాత్రి లైట్లు తగ్గించినప్పుడు చాలా కార్లలో మసకబారతాయి. వాటి మీద 50, 80, 100 ఎక్కడున్నాయో ఒకసారి వేలితో చూపించుకోండి. తెలిసిన డాష్‌బోర్డే కదా అనిపిస్తుంది, కానీ లోపలి వరుసను ఎన్నాళ్ళుగానో చూసి ఉండరు.

రెండోది డిజిటల్ డిస్‌ప్లే. సెట్టింగ్స్‌లో "యూనిట్స్" అని వెతికి మైళ్ళ నుంచి కిలోమీటర్లకు మార్చి చూడండి, మళ్ళీ వెనక్కి మార్చండి. టెస్లాలో అయితే కంట్రోల్స్‌లోకి వెళ్ళి డిస్‌ప్లే నొక్కితే డిస్టెన్స్ దగ్గర దొరుకుతుంది. కొన్ని కార్లలో స్టీరింగ్ మీది బటన్లతో మార్చాలి, కొన్నింటిలో మధ్యలోని స్క్రీన్‌లో. దొరక్కపోతే కారు మాన్యువల్ తీయండి. ఇది ఇంటి దగ్గర చేయాల్సిన పనే. కదులుతుండగా కొన్ని కార్లు ఈ మెనూను తెరవనివ్వవు. తెరవనిచ్చినా ఆ పని చేయకూడదు.

మారిస్తే వేగం ఒక్కటే మారిందా, క్రూజ్ కంట్రోల్, హెడ్-అప్ డిస్‌ప్లే, ట్యాంకులో మిగిలిన పెట్రోలుకు ఎంత దూరం వెళ్తామన్న లెక్క కూడా మారాయా చూసుకోండి. ఒకటి మైళ్ళలో, ఇంకొకటి కిలోమీటర్లలో ఉండిపోవడం అన్నింటికంటే చెడ్డది. "తర్వాతి గ్యాస్ 85" అన్న బోర్డు కిలోమీటర్లలో, మీ ట్యాంకు లెక్క మైళ్ళలో ఉంటే కంగారు తప్పదు.

ఫోనులో గూగుల్ మ్యాప్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి దూరం యూనిట్లు చూడండి. "ఆటోమేటిక్" బదులు నేరుగా కిలోమీటర్లు ఎంచుకోవడం నాకు నచ్చుతుంది. ఏది చూపిస్తోందో అనుమానం ఉండదు. స్పీడోమీటర్, స్పీడ్ లిమిట్ ఆప్షన్లు ఆన్ చేయండి. లిమిట్ దాటితే తెరమీది వేగం రంగు మారుతుంది. మీ ఫోన్ ప్లానులో కెనడా రోమింగ్ లేకపోతే ఆ ప్రాంతం మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. డేటా లేకపోయినా జీపీఎస్ వేగం చూపిస్తూనే ఉంటుంది.

ముల్లు ఉన్న కారు అయితే ఒక చిన్న అట్టముక్క మీద పైన ఇచ్చిన పట్టికను పెద్ద అక్షరాలతో రాసి, రోడ్డుకు అడ్డం రాకుండా డాష్‌బోర్డు పక్కన అంటించండి.

కార్డులూ కాగితాలూ సర్దేటప్పుడు మీ ఇన్సూరెన్స్ కంపెనీని కెనడాకు చెల్లే ఇన్సూరెన్స్ కార్డు అడిగి తీసుకోండి. రాడార్ డిటెక్టర్ (పోలీసుల స్పీడ్ గన్‌ను పసిగట్టే పరికరం) వాడే వాళ్ళుంటే అది ఇంట్లో వదిలేయాలి. ఒంటారియో, క్యూబెక్ రెండింటిలోనూ అది కారులో ఉండటమే నేరం.

యూనిట్లు ఎక్కడ మార్చాలి?

వంతెన ఎక్కక ముందు, ఆగి ఉన్నప్పుడు. పీస్ బ్రిడ్జ్, అంబాసడర్ బ్రిడ్జ్ వంటి పెద్ద దారుల దగ్గర డ్యూటీ ఫ్రీ దుకాణం మీరు విడిచి వెళ్తున్న దేశం వైపు ఉంటుంది. దాని పార్కింగు దీనికి అన్నివిధాలా సరైన చోటు. అక్కడి నుంచి కస్టమ్స్ బూత్ దాకా నెమ్మదిగా వరుసలో కదలడమే కాబట్టి, ఆ కాస్త దూరం కిలోమీటర్ల డిస్‌ప్లేతో వెళ్ళినా ఏమీ కాదు. బూత్ దాటాక మారుద్దామనుకుంటే మాత్రం అక్కడ ఆగే చోటు ఉండదు. ఆఫీసరు ప్రశ్నలకు జవాబులు చెప్పి, పాస్‌పోర్టులు వెనక్కి అందుకుని, దారి చూసుకునే హడావుడిలో మరిచిపోతారు.

క్రూజ్ కంట్రోల్ అప్పుడే ఆపేయండి. మైళ్ళలో పెట్టిన పాత వేగం గుర్తుండిపోయి, "రెజ్యూమ్" నొక్కగానే కారు దానికోసం పరుగెత్తకూడదు. బోర్డులను కెమెరాతో చదివి వేగాన్ని తానే సర్దుకునే సదుపాయం మీ కారులో ఉంటే, సరిహద్దు దాటిన కాసేపటిదాకా దాన్ని కూడా ఆపేయడం మంచిది. తెర మీద లిమిట్ సరిగ్గా పడుతోందని మూడు నాలుగు బోర్డులు చూసి నమ్మకం కుదిరాకే మళ్ళీ ఆన్ చేయండి.

దిగిన వెంటనే

మొదటి బోర్డును పైకి చదవండి, యూనిట్‌తో సహా: "మాగ్జిమమ్ 80, కిలోమీటర్లు." పక్క సీట్లో ఉన్నవాళ్ళకు ఈ పని అప్పగిస్తే ఇంకా మంచిది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో, అత్తామామలో కారులో ఉంటే ముందు సీటు వాళ్ళకివ్వండి. కిలోమీటర్లు వాళ్ళకు పుట్టినప్పటి నుంచీ ఉన్న లెక్క. "బాబూ, ఇక్కడ యాభయ్యే" అని వాళ్ళు చెప్పేదానికి ఏ యాప్ కూడా సాటిరాదు.

దూరాలు చెప్పే బోర్డులతో కూడా అలవాటు తప్పుతుంది. "ఎగ్జిట్ 2 కిలోమీటర్లు" అంటే మైలుంబావు. రెండు మైళ్ళు ఉందిలే అనుకుంటే ఎగ్జిట్ తరుముకొచ్చేస్తుంది. 100 వేగంలో అర కిలోమీటరు పద్దెనిమిది సెకన్లలో అయిపోతుంది. లేను మారాలంటే అమెరికాలో మారే దానికంటే ముందే మొదలుపెట్టండి. ఒంటారియో పెద్ద హైవేల మీద ఎగ్జిట్ నంబర్లు కూడా కిలోమీటర్ల లెక్కనే ఉంటాయి. 60వ ఎగ్జిట్ నుంచి 100వ ఎగ్జిట్‌కు నలభై కిలోమీటర్లే, మన లెక్కన పాతిక మైళ్ళు.

హైవే మీద చెప్పడానికి పెద్దగా లేదు. 401, క్యూఈడబ్ల్యూ వంటి ఒంటారియో హైవేల మీద మామూలుగా 100, కొన్ని భాగాల్లో 110. హామిల్టన్, సెయింట్ కాథరీన్స్ మధ్య క్యూఈడబ్ల్యూ మీద 2022 నుంచి 110 శాశ్వతమైంది. పక్కవాళ్ళు మిమ్మల్ని దాటుకుంటూ పోతుంటారు, పోనివ్వండి. కుడి లేనులో ఉండండి.

ర్యాంపుల దగ్గర అసలు జాగ్రత్త

హైవే నుంచి దిగే ర్యాంపు మొదట్లో పసుపు బోర్డు మీద 40 అని ఉంటుంది. గుండ్రంగా తిరిగే లూపు అయితే ఇది మరీ మామూలు. ఆ 40 అంటే పాతిక మైళ్ళు. దాన్ని 40 మైళ్ళుగా తీసుకుంటే వేగం 1.6 రెట్లే పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, వంపులో కారును బయటికి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే రెండున్నర రెట్ల పైన. ఆగడానికి పట్టే దూరం కూడా దాదాపు అలాగే పెరుగుతుంది. పొడి రోడ్డు మీద టైర్లు అరిచి ఊరుకోవచ్చు. వానలోనో, నవంబరు దాటాక మంచులోనో రైలింగు దాకా పోతుంది. రూఫ్ మీద సామాను పెట్టిన ఎస్‌యూవీ, ఏడుగురు కూర్చున్న మినీవ్యాన్ అయితే ఇంకా తొందరగా అదుపు తప్పుతాయి.

పోలీసుకు దొరికితే డబ్బు పోతుంది, ర్యాంపు మీద దొరికితే మనుషులే పోతారు. ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి: ర్యాంపు బోర్డు చూడగానే ముందు బ్రేకు మీద కాలు, ఆ తర్వాతే లెక్క.

ఊళ్ళోకి వచ్చాక

ఒంటారియో ఊళ్ళలో బోర్డు లేకపోతే లిమిట్ 50, అంటే 31 మైళ్ళు. ఊళ్ళు దాటాక బోర్డు లేని చోట 80. టొరంటో వీధుల్లో 40, 30 బోర్డులు చాలా ఉంటాయి. అమెరికాలో 35, 40 మైళ్ళతో తిరిగే అలవాటుకు ఇది నత్తనడకలా అనిపిస్తుంది. అనిపించినా అదే వేగం. "కమ్యూనిటీ సేఫ్టీ జోన్" అని రాసి ఉన్న చోట, పనివాళ్ళు ఉన్న కన్‌స్ట్రక్షన్ జోనుల్లో ఫైన్లు రెట్టింపు.

వాంకూవర్ వైపు, అంటే బ్రిటిష్ కొలంబియాలో, స్కూలు జోనులో బడి ఉన్న రోజుల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా 30. ఆటస్థలాల దగ్గర పొద్దున వెలుతురు వచ్చినప్పటి నుంచి చీకటి పడేదాకా 30, ఏ రోజైనా సరే. లిమిట్‌కు 40 మించితే కారును కనీసం ఏడు రోజులు పట్టుకెళ్తారు. 70 బోర్డు లెక్క ఇక్కడా వర్తిస్తుందన్నమాట. మరోవైపు హోప్ నుంచి కామ్‌లూప్స్ వెళ్ళే కోకిహాలా హైవే మీద 120 ఉంటుంది. వేసవిలో సాఫీగా ఉండే ఆ కొండదారి చలికాలంలో చాలా కఠినం, అప్పుడు 120 అన్నది బోర్డు మీది అంకె మాత్రమే.

మాంట్రియల్ వెళ్తే క్యూబెక్ పెద్ద హైవేల మీద రెండు అంకెలు కనబడతాయి: మాగ్జిమమ్ 100, మినిమమ్ 60. రెండోది తక్కువలో తక్కువ వేగం, దాన్ని లిమిట్ అనుకుని మందగించకండి. అక్కడ ఫోటో రాడార్లు ఉన్నాయి, వాటికి ముందు కెమెరా బొమ్మతో బోర్డు పెడతారు.

అద్దె ట్రక్కుతోనో ఆర్‌వీతోనో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. వంతెనల కింద ఎత్తు మీటర్లలో రాసి ఉంటుంది. పదమూడున్నర అడుగులంటే 4.1 మీటర్లు. మీ బండి ఎత్తు మీటర్లలో ఎంతో స్టీరింగు దగ్గర రాసి పెట్టుకోండి.

తిరుగు ప్రయాణం, విండ్సర్ నుంచి వచ్చేవాళ్ళు

వెనక్కి వచ్చేటప్పుడు కెనడా వైపు డ్యూటీ ఫ్రీ దగ్గరే మైళ్ళకు మార్చండి. ఇది మరిచిపోవడం చాలా సులభం, ఇంటికి వెళ్తున్నామన్న నిశ్చింత ఉంటుంది కదా. ఈసారి ప్రమాదం తలకిందులుగా ఉంటుంది. డిస్‌ప్లే కిలోమీటర్లలో ఉండి, న్యూయార్క్ థ్రూవే మీద 65 బోర్డు చూసి 65 దగ్గర నిలిపితే మీ అసలు వేగం 40 మైళ్ళు. వెనక నుంచి ట్రక్కులు వచ్చి గుద్దేంత నెమ్మది.

విండ్సర్‌లో చదువుకుంటున్న మన పిల్లలు డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్ వంటి ఊళ్ళలో ఉన్న బంధువుల ఇళ్ళకు కెనడా కార్లలో వెళ్తుంటారు. వాళ్ళకు అసలు ఇబ్బంది ఇదే. మిషిగన్‌లో మైలుకొకటి చొప్పున ఉండే "మైలు రోడ్ల" మీద చాలా చోట్ల 45 ఉంటుంది. అంటే 72 కిలోమీటర్లు. మైళ్ళను కిలోమీటర్లు చేయడానికి తేలిక లెక్క: అంకెకు దానిలో సగం కలిపి, ఆపైన పదోవంతు కలపండి. 70కి 35, దానికి ఇంకో 7, మొత్తం 112. 55కి 88. ఇది కూడా అసలు లెక్క కంటే పిసరంత తక్కువే చూపిస్తుంది.

ఆరిజోనాలో టూసన్ నుంచి మెక్సికో సరిహద్దులోని నొగాలెస్ దాకా వెళ్ళే ఇంటర్‌స్టేట్ 19 మీద దూరాలు కిలోమీటర్లలో, వేగం మాత్రం మైళ్ళలో రాసి ఉంటాయి. అటు వెళ్ళేవాళ్ళు రెండూ కలిపేసుకోకండి.

ఐర్లాండులో ఉన్నవాళ్ళకు

డబ్లిన్, బెల్‌ఫాస్ట్ మధ్య తిరిగే మనవాళ్ళకు ఇదే సమస్య ఇంకో రూపంలో ఉంటుంది. అక్కడ ఆపే చెక్‌పోస్టే లేదు. న్యూరీ, డండాక్ మధ్య ఎక్కడో దేశం మారిపోతుంది. రెండు వైపులా ఎర్ర వలయంలోనే అంకె. ఐర్లాండ్ 2005 జనవరి 20న కిలోమీటర్లకు మారింది, అక్కడి బోర్డుల మీద అంకె కింద కిలోమీటర్ల గుర్తు ఉంటుంది. ఉత్తర ఐర్లాండ్ బోర్డు మీద అంకె ఒక్కటే, అది మైళ్ళు. రోడ్డు అంచు గీత కూడా చెప్తుంది: పసుపు గీత ఐర్లాండ్, తెల్ల గీత ఉత్తర ఐర్లాండ్. ఇక్కడా మోసం చేసేది 60 అంకే. ఉత్తరాన ఊరి బయటి మామూలు రోడ్డుకు 60 మైళ్ళు. దక్షిణాన పల్లెల చిన్న రోడ్లకు 2025 ఫిబ్రవరి నుంచి 60 కిలోమీటర్లు, అంటే 37 మైళ్ళే.

పోలీసు ఆపితే

కుడివైపు ఆపి, కారులోనే ఉండి, చేతులు స్టీరింగు మీద ఉంచండి. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అడుగుతారు. ఒంటారియోలో రిజిస్ట్రేషన్ కాగితాన్ని "ఓనర్‌షిప్" అంటారు. టికెట్ ఇస్తే జవాబివ్వడానికి 15 రోజులు గడువు. డబ్బు కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే, కట్టకుండా విచారణ కూడా కోరవచ్చు. దేశం దాటి వచ్చేశాం కదా, ఎవరు చూస్తారు అనుకోవద్దు. న్యూయార్క్ లైసెన్సు ఉన్నవాళ్ళకు ఒంటారియో, క్యూబెక్‌లలో పడ్డ స్పీడింగ్ శిక్షలు న్యూయార్క్ డీఎంవీ (లైసెన్సులు ఇచ్చే శాఖ) రికార్డులోకి పాయింట్లతో సహా వచ్చేస్తాయి. మిషిగన్‌కు కూడా ఒంటారియోతో సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం ఉంది. మీ రాష్ట్రం వేరైతే, కట్టే ముందే మీ డీఎంవీలో దాని ప్రభావం ఎంతో కనుక్కోండి.